మా ఆవిడ థైరాయిడు రిపోర్టు

నేను ఇరవై రెండేళ్ళుగా బరంపురంలో గుమాస్తా ఉద్యోగం చేస్తున్నాను. మెట్రిక్యులేషను చదువుకు అంతకంటె పెద్ద కుర్చీ దొరకదు గదా! వోచరు లేనిదే పైసా కదలనివ్వకపోవడం, కాగితం మీద ఉన్నదే నిజమనుకోవడం మా వృత్తిధర్మం. ఆ ధర్మాన్ని సాయంత్రం ఆఫీసులోనే వదిలి వచ్చి ఉంటే ఏ చిక్కూ లేకపోను. ఇంటికి కూడా వెంటబెట్టుకు వచ్చాను. దాని ఫలితం మా ఆవిడ అనుభవించింది. ఈ సంగతి మన పత్రిక చదివే నాలుగిళ్ళకైనా పనికివస్తుందని సిగ్గు విడిచి వ్రాస్తున్నాను.

మా ఆవిడకు 2021లో థైరాయిడు తక్కువగా ఉన్నదని తేలింది. గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి అది. అది చాలినంత పని చెయ్యకపోతే మనిషి మందగిస్తుంది. నీరసం, చలి, మలబద్ధకం, జుట్టు రాలడం, ఒళ్ళు బరువెక్కడం, ఇవన్నీ దాని లక్షణాలు. రోజూ పరగడుపున 75 మైక్రోగ్రాముల థైరాక్సిను మాత్ర వేసుకోమన్నారు. కొద్ది నెలలకే మనిషి తేరుకున్నది.

ఆ మొదటి రిపోర్టే నాకు కొరుకుడు పడలేదు. డాక్టరుగారేమో థైరాయిడు తక్కువన్నారు. కాగితం మీద టి.ఎస్.హెచ్. అన్న అంకె పక్కన ‘ఎక్కువ’ అని ఉన్నది! అడిగితే ఆయన ఓపికగా చెప్పారు. టి.ఎస్.హెచ్. థైరాయిడులో పుట్టేది కాదు. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి థైరాయిడుకు వచ్చే ఉత్తరువు. మా ఆఫీసు భాషలో చెప్పుకోవాలంటే, కింది ఉద్యోగి పని సరిగా చెయ్యకపోతే పై ఆఫీసు నుంచి రిమైండర్లు పెరుగుతాయి. పని ఎక్కువైతే రిమైండర్లు ఆగిపోతాయి. అంచేత టి.ఎస్.హెచ్. పెరిగితే థైరాయిడు తగ్గిందనీ, తగ్గితే థైరాయిడు పెరిగిందనీ సాధారణంగా అర్థం.

ఇంకోసారి లేబరేటరీ మార్చాము. పాత రిపోర్టులో 1.2 ఉన్న ఫ్రీ టి-4, కొత్తదానిలో 15 అని వచ్చింది. నాకు గుండె జారిపోయింది. తీరా చూస్తే ఒకరు నానోగ్రాములలో లెక్క కట్టారు, ఇంకొకరు పికోమోల్‌లలో. ఒకడు రూపాయలలో వ్రాసి, మరొకడు పైసలలో వ్రాసినట్లన్నమాట. రెండూ ఇంచుమించు ఒకటే! దానితో రిపోర్టు చదవడం నాకు పూర్తిగా వచ్చేసిందనుకున్నాను. అదే నా కొంప ముంచింది.

2024 సంక్రాంతికి విశాఖపట్నం నుంచి మా మేనకోడలు వచ్చింది. అత్త జుట్టు పలచబడుతోందని జాలిపడి, జుట్టుకూ గోళ్ళకూ మంచివని చెప్పి ఒక సీసాడు బిళ్ళలు ఇచ్చి వెళ్ళింది. మా ఆవిడ రోజుకొకటి చొప్పున వేసుకుంటున్నది. విటమిన్లే గదా అని నేనూ పట్టించుకోలేదు.

ఫాల్గుణంలో మామూలు ప్రకారం రక్తం పరీక్ష చేయించాము. టి.ఎస్.హెచ్. 0.08కి దిగింది. ఫ్రీ టి-4 హద్దు దాటి పైకి పోయింది. మాత్ర మోతాదు ఎక్కువైందన్నారు డాక్టరుగారు. 75ను 25 చేశారు. కాగితం చూస్తే ఎవరైనా అదే చేస్తారు.

నెల తిరిగేసరికి మా ఆవిడ మారిపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే కూర్చుని కునుకు తీసేది. ముఖం ఉబ్బింది. వైశాఖ మాసం, బరంపురం ఎండ, ఊరంతా చెమటలు కక్కుతుంటే ఆవిడ దుప్పటి అడిగింది. ప్రతి శుక్రవారం మంగళహారతి పాడే గొంతు బొంగురుపోయి, హారతి పళ్ళెం మౌనంగా తిప్పి దించేది.

“ఏమండీ, నాకేదో బాగాలేదండీ,” అన్నది.

మళ్ళీ పరీక్ష చేయించాము. టి.ఎస్.హెచ్. 3.1. చక్కగా హద్దులో ఉన్నది. నేను సంతోషించి, “చూశావా! లెక్క సరిపోయింది. ఊరికే బెంగ పెట్టుకుంటున్నావు,” అన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

ఒకరోజు మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోయింది. అప్పుడు భయపడి, ఊళ్ళోనే ఉన్న ఒక పెద్ద డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. నేను ఫైలు విప్పి, తారీఖుల వరుసన రిపోర్టులు పేర్చబోయాను. ఆయన చేత్తో వారించి, ఆవిడ వైపు తిరిగి ఒడియాలో “దెహ కణ కహుఛి?” అన్నారు. ఒళ్ళేమంటోందమ్మా అని. నాలుగు నెలలుగా నేను అడగని ప్రశ్న అది.

అంతా విని, “మనిషికీ కాగితానికీ పొత్తు కుదరడం లేదు. ఇంకే మందులు వేసుకుంటున్నారు?” అన్నారు.

“మందులేమీ లేవండీ, జుట్టు బిళ్ళలు తప్ప.”

ఆ బిళ్ళలో ఉన్నది బయోటిన్. బి-విటమిన్లలో ఒకటి. మనిషికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. ఆ బిళ్ళలో 10,000 ఉన్నాయి! కొన్ని లేబరేటరీల పద్ధతిలో హార్మోనును పట్టి నిలపడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతారు. రక్తంలో అది ముందే దండిగా ఉంటే, పరీక్షలో దానికోసం ఉంచిన చోట్లన్నీ ఆక్రమించి లెక్క తారుమారు చేస్తుంది. టి.ఎస్.హెచ్. ఉన్నదానికంటె తక్కువగానూ, టి-4 ఎక్కువగానూ కనబడతాయి. అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2017లోనే దీన్ని గురించి హెచ్చరించింది. అన్ని పరీక్షలకూ ఈ దోషం అంటదు. మాకు అంటింది.

ఆయన చెప్పిన ప్రకారం బిళ్ళలు మానిపించి, మూడు రోజులాగి మళ్ళీ రక్తమిచ్చాము. టి.ఎస్.హెచ్. 41! పాపం, పై ఆఫీసు అన్నాళ్ళూ రిమైండర్లు పంపుతూనే ఉన్నది. మాకే అందలేదు. మోతాదు మళ్ళీ మెల్లగా 75కు పెంచారు.

నా అనుభవం మీద సోదరీ సోదరులకు నాలుగు మాటలు. విటమినైనా, ఆకు పసరైనా, ఏది వేసుకుంటున్నా డాక్టరుగారికి చెప్పండి. బయోటిన్ ఉన్న బిళ్ళలైతే ఆయన్ని అడిగి పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు మానండి. రక్తం ఇచ్చే రోజున థైరాక్సిను మాత్ర రక్తం ఇచ్చిన తరువాత వేసుకోవడం మంచిది. మాత్రకూ కాఫీకీ మధ్య అరగంటైనా ఎడం ఉండాలి. కాల్షియం, ఇనుము మాత్రలకైతే నాలుగు గంటలు. మోతాదు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిస్తేగాని అంకె కుదుటపడదు, తొందరపడవద్దు. రిపోర్టు చూసి సొంతంగా మాత్ర మానవద్దు.

అన్నిటికంటె ముఖ్యం, మనిషిని అడగండి. కాగితం వోచరు మాత్రమే. సరుకు వచ్చిందో లేదో గిడ్డంగిలోకి వెళ్ళి చూడవలసిందే.

శ్రావణంలో ఒక శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, లోపలినుంచి మంగళహారతి వినిపించింది. గొంతులో ఇంకా కాస్త జీర ఉన్నది. పాట పూర్తయ్యేవరకు గుమ్మంలోనే నిలబడ్డాను. హారతి కళ్ళకద్దుకుంటూ, “ఎలా ఉన్నావు?” అని అడిగాను.

“రిపోర్టు రేపు వస్తుందిగా, చూసి మీరే చెప్పండి,” అన్నది.