చెరువులోని అమానతు

వర్షాలు మొదలైన తరువాత జగిత్యాల నుంచి పడమరగా కోరుట్లకు, అక్కడి నుంచి కథలాపూర్, వేములవాడల మీదుగా సిరిసిల్లకు వెళ్ళే ప్రయాణికునికి దారి పొడవునా చెరువులే పలకరిస్తాయి. వరి మళ్ళు, పసుపు తోటలు దాటగానే ఏదో ఒక కట్ట, దాని వెనుక కొత్త నీరు కనిపిస్తాయి.

జగిత్యాల జిల్లాకు ఉత్తరాన గోదావరి ప్రవహిస్తుంది. ఆవలి ఒడ్డున జన్నారం అడవులున్నాయి. అక్కడి కవాల్ ప్రాంతాన్ని 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దుప్పుల వేటను నేరంగా పరిగణిస్తుంది. అడవిలో వేటను నిషేధించవచ్చు. చెరువులో అది కుదరదు. చేప మన ఆహారం, మత్స్యకారునికి బతుకుదెరువు. పట్టక తప్పదు, మిగల్చకా తప్పదు.

కోరుట్ల వంటి పట్టణాల చేపల అంగళ్ళలో కనిపించే బొచ్చె, రవ్వు, మృగాల సాధారణంగా నిలకడ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి ప్రవాహం కావాలి. 1957లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలో హార్మోను సూదిమందుతో ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించాడు. చేప పిల్లల కేంద్రాలు ఆ పద్ధతిపైనే నడుస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదిలే పథకం చేపట్టింది. ఏడాది పొడవునా నీరుండే జలాశయాల్లో పెద్ద పిల్లలను వదలాలి. మరీ చిన్నవైతే ఇతర చేపలకు ఆహారమైపోతాయి.

రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీను కథ వేరు. అది చెరువులోనే గుడ్లు పెడుతుంది. నాచు, గడ్డి మధ్య చోటు చేసుకొని, గుడ్లకూ పిల్లలకూ కాపలా కాస్తుంది. ఎర్రని పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే, కింద తల్లిదండ్రులు తిరుగుతుంటాయి. ఆ గుంపే వేటగానికి ఆనవాలవుతుంది. పెద్ద చేపను పట్టేస్తే, దిక్కులేని పిల్లలను మిగతా చేపలు మింగేస్తాయి. ఒక్క చేపతో ఒక తరమంతా పోతుంది.

సిరిసిల్ల చేరేసరికి మగ్గాల చప్పుడుతోపాటు మానేరు కూడా ఎదురవుతుంది. ఎగువన నర్మాల వద్ద నిజాం కాలపు ఆనకట్ట, దిగువన మాన్వాడ వద్ద 25 టీఎంసీలకు పైగా నీరు పట్టే మధ్య మానేరు. ఈ జలాశయం కోసం ఊళ్ళు మునిగాయి, కుటుంబాలు ఇళ్ళు వదిలాయి. అంత మూల్యం చెల్లించి నిలిపిన నీటిలో చేపలు పట్టి బతికే మత్స్యకార కుటుంబాలున్నాయి. మందుగుండుతో, విషంతో చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టమే నిషేధించింది. అయినా ప్రతి కట్టపైనా కాపలా పెట్టగల ప్రభుత్వం ఎక్కడుంది?

మిగిలిన కాపలా కొనుగోలుదారులదే. తొలకరిలో గుడ్లతో నిండిన కొర్రమీనును, అరచేయి నిండని పిల్ల చేపను మన ఇళ్ళలో వద్దనుకుంటే, అంగడివాడు తేవడం మానుకుంటాడు. గిరాకీ లేని చేపకు వల పడదు. చెరువు మన చేతిలోని అమానతు. రేపటి పిల్లల వాటాను ఈ రోజే వండుకొని తినే హక్కు మనకు లేదు.