దేగ్ వెనుక మనుషులు

బిర్యానీకి మతం లేదంటారు. వండినోడికి మాత్రం మతం ఉంటది, జాతి ఉంటది, గల్లీ ఉంటది.

మాది సిద్దిపేట. అబ్బా బావర్చీ. సాయిబులింట్ల నిఖా అయినా, రెడ్లింట్ల పెండ్లయినా తెల్లారకముందే పొయ్యి రాజేసేవాడు. బగారా అన్నం, దాల్చా, డబల్ కా మీఠా. తిన్నోళ్లు "సాయిబు చేతిల ఏదో ఉన్నది" అని మెచ్చుకునేవాళ్లు. అదే సాయిబు కిరాయి ఇల్లు అడిగితే "మా దగ్గర ఖాళీ లేదు" అనేవాళ్లు. తలుపు మీద 'టులెట్' బోర్డు అట్లనే వేలాడుతుండేది.

పరాయోళ్లనే అంటే సరిపోదు. మా ఆపాకు వచ్చిన ఒక సంబంధం "బావర్చీ బిడ్డనా?" అన్న ఒక్క మాటతో లేచిపోయింది. ఆ మాటన్నది మన కౌమ్ వాళ్లే. వంట తినడానికి అందరూ కావాలె, వియ్యానికి మాత్రం వంటోడు పనికిరాడు.

ఈ సంగతిని నవ్విస్తూ చెప్పిన సినిమా ఒకటుంది. 2012లో మలయాళంలో అన్వర్ రషీద్ తీసిన 'ఉస్తాద్ హోటల్'. రాసింది అంజలీ మేనన్. కోజికోడ్ సముద్రం ఒడ్డున తాత కరీం నడిపే చిన్న హోటలు. తిలకన్ ఆ తాత. మనుమడు ఫైజీగా దుల్కర్ సల్మాన్. విదేశంలో చదివొచ్చి చెఫ్ అవుతానంటాడు. తండ్రి మండిపడతాడు. పెండ్లిచూపులు బెడిసికొడతాయి. ఆ పిల్ల షహానా, అంటే నిత్యా మేనన్, మళ్లీ ఎదురవుతుంది. అసలు కరీం తాతే దావత్‌కు వండటానికి పోయి పెండ్లికూతురితో లేచొచ్చినోడు!

ఇందులో ముస్లింలు బాంబులు పెట్టరు. దేశభక్తి రుజువు చేసుకోవడానికి ప్రాణాలివ్వరు. హీరో వెంట తిరిగే రహీం చాచాలు కారు. కొట్లాడుకుంటారు, ప్రేమించుకుంటారు, అప్పులపాలవుతారు, నవ్వుకుంటారు. మామూలు మనుషులుగా కనబడటం కూడా ఇంత అపురూపమైపోయింది మనకు.

ఆ సినిమా 2018లో తెలుగులోకి డబ్బింగయి వచ్చింది, 'జనతా హోటల్' అని. జనతా మంచి మాటే. కాని ఉస్తాద్ అంటే పనితనానికి మనం పెట్టే సలాం. తెలుగు తెరకు ఆ మాట తెలియనిది కాదు. తర్వాత పవన్ కల్యాణ్ సినిమాకు 'ఉస్తాద్ భగత్ సింగ్' అనే పెట్టుకున్నారు. హీరో పక్కన నిలిచిన మాట బావర్చీ పక్కన నిలవలేకపోయింది.

2016లో తరుణ్ భాస్కర్ 'పెళ్లిచూపులు' తీసిండు. వంట మీద మనసున్న పిలగాడు, ఫుడ్ ట్రక్కు పెట్టాలనుకునే పిల్ల, వాళ్ల ప్రేమ. మంచి సినిమా, నాకూ నచ్చింది. మరి తరతరాలుగా దేగ్ ముందు నిలబడ్డ ఇంట్లకు అట్లాంటి ప్రేమకథ ఎందుకు రాలేదు?

'ఉస్తాద్ హోటల్'లో కూడా ఉస్తాద్ మగవాడే. మా ఇంట్ల రాత్రంతా ఉల్లిగడ్డలు కోసింది అమ్మీ. అల్లం, ఎల్లిగడ్డ నూరింది అమ్మీ. పైసలు మాత్రం అబ్బా పేరు మీద వచ్చేవి. ఆమెను ఉస్తాద్ అని ఎవరూ పిలవలేదు, మేము కూడా.

కోజికోడ్ కథ డబ్బింగయి వస్తే సంబరపడ్డం. మన కథ మన భాషలోనే పుట్టాలె. కోమటిచెరువు కట్ట మీద కలుసుకునే ఒక జంట, ఉర్దూ తెలుగూ కలిపి తిట్టుకునే ఒక కుటుంబం, బోర్డు మీద దాచిపెట్టని ఒక సాయిబు పేరు. మేమిట్లనే ఉంటమని చెప్పడానికి ఎవరి ఇజాజత్ కావాలె?