క్లీవ్‌లాండు నగరమున త్యాగరాజ గానము



అమెరికా సంయుక్తరాష్ట్రములలో, ఓహియో రాష్ట్రమున, ఈరీ సరోవరతీరమందు క్లీవ్‌లాండను నగరము కలదు. ఉక్కు కర్మాగారములకు పేరొందిన యా యూర 1978వ సంవత్సరమున కొన్ని ప్రవాస కుటుంబములవారు చేరి త్యాగరాజారాధన నారంభించిరి. నాటినుండి యేటేట ఈస్టరు పండుగ ప్రాంతమున నది జరుగుచున్నది.

పంచరత్న కీర్తనలను గోష్ఠిగా బాడువేళ నచటి బాలబాలికలను జూడవలెను. పెక్కండ్రు ఆ దేశముననే పుట్టినవారు. ఇంట తమిళమో, కన్నడమో, బడిలో ఇంగ్లీషు. కీర్తనలైదింట మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును మన తెనుగే. అర్థము తెలియనివారును అక్షరము తప్పకుండ బాడుదురు. మన యిండ్లలోనో, అర్థము తెలిసిన పిల్లలకు పాట నోటికి రాదు.

ఇట్టి ప్రవాస గృహములందు బెరిగినవారిలో గొందరు నేర్చిన పాఠముతో నాగుట లేదు. 1990లో చెన్నపట్టణమున జన్మించి కాలిఫోర్నియాలో బెరిగిన సిద్ శ్రీరామ్, తల్లియొద్ద కర్ణాటక సంగీతము నభ్యసించి, అమెరికా నల్లజాతివారి ‘రిథమ్ అండ్ బ్లూస్’ బాణీని గూడ బట్టి, రెంటిని గలిపి పాడుచున్నాడు. ఇది సంకరమని కొందరు పెద్దల యాక్షేపణ. కాని మన కచ్చేరీలలోని ఫిడేలు మాత్ర మెక్కడిది? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల వాద్యమును మన గానమున జేర్చినదే కదా! శ్రుతి తల్లియొద్ద కుదిరిన బిడ్డ యే బాణీ పట్టినను దారి తప్పడు.

కావున నీ సాయంకాలము మీ బిడ్డకు ఒక్క కీర్తన అర్థముతో నేర్పుడు. తెనుగు మాటకు మనమే యర్థము చెప్పలేనినాడు, ఆ దూరదేశపు పిల్లలు మరెవ్వరి నడుగుదురు?