మూరెడు ఉక్కుతీగ

విశాఖ రేవు దాటిన పడవలకు డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభమే ఆనవాలు. కదిలే పడవ వెనుక ఎరను లాగుతూ వంజరాన్ని వేటాడటం ఓర్పుతో కూడిన విద్య.

వంజరం పళ్లు కత్తెర వంటివి. నైలాను దారం వాటికి గడ్డిపోచతో సమానం. అందుకే గాలానికీ దారానికీ నడుమ ఉక్కుతీగ ఉండాలి. అది లావైతే చేప బెదురుతుంది. మరీ సన్ననైతే తెగుతుంది. తీగ కొసను గాలపు కంటిలో దూర్చి, రెండు పోగులనూ సమంగా పెనవేసి, ఆపై బిగువుగా చుట్లు చుట్టాలి. మిగిలిన కొసను కోయరాదు. కోసిన మొన చేతిని చీలుస్తుంది. అటూ ఇటూ వంచి విరవాలి.

మెలిపడిన తీగను మాత్రం పారవేయవలసిందే. మెలిక ఉన్నచోటే అది తెగుతుంది. అప్పుడు కడలి పాలయ్యేది చేప ఒక్కటే కాదు, ఆ పూట డీజిలు ఖర్చు కూడా.