బాకీ లేదు

ఎం.ఏ. అయిపోయి సర్టిఫికెట్లు తీసుకోవాలంటే యూనివర్సిటీలో నో డ్యూస్ కాగితం మీద సంతకాలు పెట్టించుకోవాలి. లైబ్రరీ, మెస్సు, డిపార్ట్‌మెంటు, చివర ఆటల విభాగం. 2011 మే ఎండలో ఆ ఆఫీసుకి పోయాను. గుమస్తా రిజిస్టరు తిరగేశాడు. ఒక్క బంతి కూడా నా పేరు మీద బయటికి రాలేదు. "బాకీ లేదు" అని రాసి స్టాంపు గుద్దాడు. రెండేళ్లూ ఆటల ఫీజు కట్టిన నేను ఆ గడప దగ్గరికి పోవటం అది రెండోసారి.

మొదటిసారి పోయింది 2009లో, చేరిన కొత్తల్లో. సాయంత్రమయితే ఇండోర్ హాల్లో లైట్లు వెలిగేవి. షటిల్ క్లబ్బులో చేరదామని నేనూ నా రూమ్మేటూ పోయాం. "డిపాజిట్ కట్టాలి. బ్యాటు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఆ చెప్పులేంటి? నాన్‌మార్కింగ్ బూట్లు లేకుండా లోపలికి రాకూడదు" అన్నాడు అక్కడాయన. కొయ్య నేల పాడవుద్దంట. నిజమే, పాడవుద్ది. ఆయన అబద్ధమేం చెప్పలేదు. కాకపోతే ఆ బూట్ల ఖరీదుకి మాయమ్మ వారం పైన పొగాకు గ్రేడింగుకి పోవాలి. స్కాలర్‌షిప్పేమో ఏడాది చివర్లో పడేది. మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టినోడు. ఆయన మనవణ్ణి గడప దగ్గర ఆపింది బూట్లు. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనే లేకపోయింది.

మాకొచ్చిన ఆట చెడుగుడు. మా నాయన కూత పెడితే గీత అవతల ఏడుగురూ వెనక్కి జరిగేవాళ్లని మా మాదిగపల్లెలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా సంక్రాంతి పందేల్లో ఊరి జట్టు ఆయన్ని ఏనాడూ పిలవలేదు. చెడుగుడంటే తాకే ఆట. నడుం పట్టాలి, కాలు పట్టాలి, మీద పడాలి. మమ్మల్ని ముట్టుకోకుండా ఆ ఆట ఎట్టా ఆడతారు? యూనివర్సిటీలో ముట్టుకోటానికి అభ్యంతరం లేదు. బరే లేదు.

ఉన్నదల్లా హాస్టల్ వెనక కంకర నేల. కబడ్డీ బరి 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. షటిల్ కోర్టు 13.40 పొడుగు, 6.10 వెడల్పు. పొడుగులో ఏమంత తేడా? దానికి కొయ్య నేల, కప్పు, లైట్లు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకం తెచ్చిన ఆటకి మేమడిగింది రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి, ఒక బల్బు. నలభై మందిమి సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. మట్టి రాలేదు. మేమే రాళ్లు ఏరాం, సున్నంతో గీతలు గీశాం. నా మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. తీరా యూనివర్సిటీ జట్టు సెలక్షన్‌కి పోతే అక్కడ మ్యాటు పరిచారు. బూట్లేసుకుని ఆడాలంట. మళ్లా బూట్లే! ఎవరివో అరువు తెచ్చుకున్నా. ఒక సైజు పెద్దవి. మొదటి కూతకే, తిరిగొస్తా జారి దొరికిపోయాను.

ఆ వారంలోనే లైబ్రరీలో రామచంద్ర గుహ రాసిన క్రికెట్ చరిత్రలో పల్వంకర్ బాలూ గురించి చదివాను. 1876లో పుట్టిన చమార్ బిడ్డ. మా లాగే తోలు పని కులం. పుణేలో తెల్లోళ్ల క్లబ్బులో పిచ్ చదును చేసే పనికి కుదిరి, నెట్స్‌లో వాళ్లకి బంతులేస్తా బౌలరయ్యాడు. హిందువుల జట్టుకి ఆయన బంతి కావాల్సొచ్చింది. టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి పాత్రలో. 1911లో ఇంగ్లండు పోయి 114 వికెట్లు తీశాడు. (1937 ఎన్నికల్లో అంబేద్కర్ మీద నిలబడి ఓడాడు కూడా. దాని మీద మా మిత్రుల్లో ఇంకా తగువే.)

పుస్తకం మూసి బయటికొస్తే టెన్నిస్ కోర్టులో ఒక పెద్దాయన రోలరు లాగతన్నాడు. రోజుకూలీ. నా పల్లె పేరడిగి "మనోడివే" అన్నాడు.

"ఎప్పుడన్నా ఆడావా పెదనాయనా?"

"బంతులేరి ఇస్తాగా" అని నవ్వాడు.

ఇప్పుడు మా బడిలో ఆటల గది తాళం నా దగ్గరుంటది. రిజిస్టరూ నేనే రాస్తాను. మొన్న ఆరో తరగతి పిల్ల ఒకతి ఉత్తకాళ్లతో వచ్చి షటిల్ బ్యాటు అడిగింది. పేరు రాసుకుని ఇచ్చాను. సాయంత్రానికి తీగలు తెంపి తెచ్చింది. మర్నాడు ఇంకోటిచ్చాను.