ఒకే వయసు చెట్ల వీధి

ఓక్ చెట్టు అనగానే అంచుల్లో లోతుగా కోతలున్న వెడల్పాటి ఆకు గుర్తొస్తుంది. విల్లో ఓక్ ఆకు అలా ఉండదు. సన్నగా, కోలగా, అంచులు నున్నగా ఉంటుంది. ఓక్ అని నమ్మాలంటే చెట్టు కింద వెతకాలి. చిన్న చిప్పలో కూర్చున్న గుండ్రటి కాయ కనబడుతుంది. అది పక్వానికి రావడానికి రెండేళ్లు పడుతుంది.

ఈ చెట్టు వైభవం చూడాలంటే నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరానికి వెళ్లాలి. అక్కడి మయర్స్ పార్క్ పేటకు 1911లో జాన్ నోలెన్ ప్లాను గీశారు. ఆ పేటలోని క్వీన్స్ రోడ్డు వెస్ట్‌లో రెండు వైపుల ఓక్‌లూ నడినెత్తిన కొమ్మలు కలిపి పందిరి వేస్తాయి. మండువేసవిలోనూ దాని కింద హాయిగా నడవవచ్చు. చలికాలంలో ఆకులన్నీ రాలిపోయి, కావలసినంత ఎండ ఇళ్ల గుమ్మాల దాకా వస్తుంది. ఆకురాల్చే చెట్టును ఇంటి ముందు పెంచుకోవడంలోని సుఖమంతా ఇదే.

నగరంలో ఇంత బాగా బతకడానికి కారణం దాని పుట్టిల్లే. విల్లో ఓక్ ఏటి ఒడ్డు పల్లపు నేలల చెట్టు. వరద నీళ్లు నిలిచి వేళ్లకు గాలి అందని రోజులు దానికి కొత్త కాదు. అందుకే కాలిబాట కింద అణిగిపోయిన మట్టినీ ఓర్చుకుంటుంది. వేళ్లు పీచులా పైపైనే అల్లుకుంటాయి కనుక తవ్వి తీసి మరోచోట నాటినా నిలదొక్కుకుంటుంది.

ఊరివాళ్లూ దాన్ని ప్రేమగా కాపాడుకున్నారు. ఆకుల్ని తినేసే ఒక రకం గొంగళిపురుగు తల్లికి రెక్కలుండవు. గుడ్లు పెట్టడానికి మాను మీదుగా పాకే పైకి వెళ్లాలి. అందుకని చలి మొదలయ్యే వేళకు మానుల చుట్టూ జిగురు పూసిన పట్టీలు కట్టేవారు.

కానీ పట్టీ పురుగును ఆపుతుంది, గాలివాననూ వయసునూ ఆపలేదు. 1989 సెప్టెంబరులో హ్యూగో తుఫాను ఆ నగరంలో వేల చెట్లను కూల్చింది. తుఫాను రాకపోయినా, ఒకే కాలంలో నాటిన చెట్లకు ముసలితనం ఒక్కసారే వస్తుంది. అవి పోతే వీధి నీడంతా వాటితోనే పోతుంది.

ఆ చెట్లు నాటి నీడనిచ్చిన పెద్దల మీద నాకెంతో గౌరవం. అయితే వాళ్లు నాటినదాన్ని చూసి మురిసిపోతే రుణం తీరదు. పెద్ద చెట్లు బలంగా ఉన్నప్పుడే వాటి మధ్య ఖాళీల్లో మొక్కలు పెట్టాలి. అన్నీ ఒకే జాతివి కాకూడదు, ఒకే ఏడాదివి అసలే కాకూడదు. ఏ వీధిలోనైనా ముసలి చెట్టూ, నడివయసు చెట్టూ, లేతమొక్కా కలిసి పెరగాలి. నీడ తరం తరానికీ అందేది అప్పుడే.