ఇంటికి చక్రాలు... ఎడారే పెరడు!

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, కాలిఫోర్నియా సరిహద్దుకు దగ్గరగా క్వార్ట్‌సైట్ అని ఓ చిన్న ఊరుంది. 2020 లెక్కల ప్రకారం జనాభా రెండున్నర వేల లోపే. ఎండాకాలంలో అక్కడ నలభై అయిదు డిగ్రీలు మామూలే. వీధుల్లో మనిషి కనిపించడు. అదే చలికాలం రానివ్వండి... ఊరి చుట్టూ ఉన్న ఎడారిలో ఎక్కడ చూసినా బళ్లే. బస్సంత మోటారు ఇళ్లు, కార్ల వెనక తగిలించిన ట్రెయిలర్లు, లోపల మంచం బిగించుకున్న పాత వ్యాన్లు. వాటిలోంచి దిగేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే!

మంచు కురిసే ఉత్తరాది రాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ వచ్చే ఈ పెద్దల్ని అక్కడివాళ్లు ముద్దుగా ‘స్నోబర్డ్స్’ అంటారు. కొందరికి ఇది నాలుగు నెలల విడిది. మరికొందరికి బండి తప్ప వేరే ఇల్లే లేదు.

అద్దె లేదు... గడువుంది!

ఇంతమందికి చోటెక్కడిదంటారా? ఆ నేల సర్కారుది, అంటే ప్రజలందరిదీ. అమెరికాలో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే సంస్థ చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే వచ్చే విస్తీర్ణానికి మూడున్నర రెట్లు! అందులో చాలాచోట్ల ఎవరైనా డబ్బు కట్టకుండా బండి ఆపుకుని ఉండొచ్చు. కరెంటు ఉండదు, కుళాయి ఉండదు, చెత్తబండి రాదు. పైకప్పు మీద సోలార్ పలకలు, లోపల నీళ్ల ట్యాంకు... అంతే సంసారం.

అయితే ఓ షరతు. సాధారణంగా ఒక్కచోట 14 రోజులకు మించి ఉండకూడదు. అరిజోనాలోనైతే ఆ తర్వాత కనీసం పాతిక మైళ్ల అవతలికి, అంటే నలభై కిలోమీటర్ల దూరం వెళ్లిపోవాలి. అలా తిరగలేనివారికోసం 1983లో దీర్ఘకాలిక విడిది ప్రాంతాల్ని ఏర్పాటుచేశారు. రుసుము కడితే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా కదలక్కర్లేదు. క్వార్ట్‌సైట్ పక్కనున్న లా పోసా అలాంటిదే. దాని విస్తీర్ణం దాదాపు 11,400 ఎకరాలు.

సరదానా... అవసరమా?

అందరూ షికారు కోసం వచ్చినవాళ్లు కాదు. 2008 ఆర్థిక మాంద్యంలో ఇళ్లూ దాచుకున్న డబ్బూ పోగొట్టుకుని, పింఛను అద్దెకే చాలక రోడ్డెక్కినవాళ్లూ ఉన్నారు. వాళ్ల జీవితాలమీద జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకం రాశారు. దాని ఆధారంగా తీసిన సినిమా 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. అందులో కొందరు సంచారులు తమ పాత్రల్ని తామే పోషించారు.

వయసు మాత్రం ఎవర్నీ వదలదు. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా ఇరవై కిలోలు. అరవయ్యో ఏట అవలీలగా ఎత్తిన చేయి ఎనభయ్యో ఏట వణుకుతుంది. రెండు వారాలకోసారి సామానంతా సర్ది, బండి కదపడం మోకాళ్లకు పరీక్షే. రాత్రి గుండెల్లో నొప్పొస్తే ఆసుపత్రి ఎన్ని మైళ్లో! అందుకే విడిదుల్లో ఒంటరివాళ్లు ఒకరినొకరు కనిపెట్టుకుంటారు. పొద్దెక్కినా పక్క బండి తలుపు తెరుచుకోలేదంటే వెళ్లి తట్టి చూస్తారు. పంటి బాధ వస్తే సరిహద్దు దాటి మెక్సికోలోని లాస్ ఆల్గోడోనెస్‌కి పోతారు. ఆ చిన్న ఊళ్లో పళ్ల డాక్టర్లు వందల్లో ఉన్నారు, ఖర్చూ తక్కువే.

అన్నిటికన్నా కష్టమైంది, చూపు మందగించి స్టీరింగ్ వదలాల్సిన రోజు. మామూలు వృద్ధులు ఆరోజు కారు ఒక్కటే పోగొట్టుకుంటారు. వీళ్లకు ఇల్లే ఆగిపోతుంది. ఆ దిగులు తెలిసిన ఎస్కేపీస్ అనే సంచారుల క్లబ్బు, టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఓ ఏర్పాటు చేసింది. అక్కడ పెద్దలు తమ బండిలోనే ఉంటారు. వేళకు భోజనం అందుతుంది, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లే మనిషి దొరుకుతాడు. ఇల్లు మారకుండానే చక్రాలు మాత్రం ఆగుతాయన్నమాట.

నేల ఉంటేనే...

ఈ బతుకంతా ఆధారపడింది ఆ ఉమ్మడి నేలమీదే. దాన్ని ప్రభుత్వం చేతిలోనే ఉంచాలన్నది 1976లో చేసిన చట్టం సారాంశం. అయినా 2025 జూన్‌లో లక్షల ఎకరాల్ని అమ్మాలన్న ప్రతిపాదన సెనేట్‌కి వచ్చింది. వేటగాళ్ల నుంచి పర్యావరణవేత్తల వరకూ అందరూ వ్యతిరేకించడంతో ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకున్నారు.

బాధ్యతలు తీరాక వానప్రస్థం అన్నారు మన పెద్దలు. అడవికి వెళ్లడం వాళ్ల ఇష్టమైతే, వెళ్లడానికి అడవి మిగలడం ఊరందరి పూచీ. మన ఊళ్లలో రచ్చబండ, చెరువుగట్టు, పోరంబోకు చెట్టునీడ కూడా ముసలివాళ్లు పైసా ఖర్చు లేకుండా కూర్చునే చోట్లే. అవి ఒక్కొక్కటీ మాయమవుతుంటే తాతయ్య సాయంత్రాలు ఇంటి గోడల మధ్యకే కుంచించుకుపోతాయి. పెద్దవాళ్లకు కావాల్సింది మందులూ డబ్బూ మాత్రమే కాదు... ‘ఇక్కడ ఎందుకు కూర్చున్నావ్’ అని ఎవరూ అడగని కాస్త చోటు కూడా!